పిన్ అయిన పావును పట్టుకుని పజిల్ గెలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం పూట పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. ఎక్కువసార్లు వినే ఫిర్యాదు ఒకటే: "పిన్ కనిపించింది సార్, జవాబే దొరకలేదు." పెద్దవాళ్లు ఫోనులో పజిల్స్ చేస్తూ అడిగేదీ ఇదే. అందుకే ఈ ఒక్క అంశం మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులు రాశాను. పక్కన బోర్డు పెట్టుకుని చదివితే రెట్టింపు ఉపయోగం.

పిన్ అంటే ఏమిటి?

ఒక పావు తన వెనక ఉన్న, తనకంటే విలువైన పావుకు అడ్డుగోడలా నిలబడి, ఆ కారణంగానే కదలలేకపోతే అది పిన్ అయినట్టు. దాడి చేసే పావు, మధ్యలో చిక్కుకున్న పావు, వెనక ఉన్న పెద్ద పావు మూడూ ఒకే గీత మీద ఉంటాయి. తెలుగులో "కట్టిపడేయడం" అంటే అర్థం చక్కగా సరిపోతుంది. కానీ ఆడేవాళ్ల నోట పిన్ అనే మాటే స్థిరపడింది కాబట్టి నేనూ అదే వాడుతున్నాను.

గడులను, పావులను ఏ పేర్లతో రాశారు?

నిలువు వరుసలకు ఎడమ నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అడ్డు వరుసలకు తెల్లవైపు నుంచి 1 మొదలుకొని 8 దాకా అంకెలు. తెల్ల రాజు ఆట మొదట్లో ఇ1లో, నల్ల రాజు ఇ8లో ఉంటారు. పావులు రాజు, మంత్రి, ఏనుగు, శకటం, గుర్రం, బంటు. ఐమూలగా నడిచే శకటాన్ని కొన్ని ఇళ్లలో ఒంటె అంటారు, పోటీల్లో బిషప్ అంటారు. మూడూ ఒకటే.

ఏ పావులు పిన్ చేయగలవు?

దూరం నుంచి గీత వెంట దాడి చేసేవి మాత్రమే: మంత్రి, ఏనుగు, శకటం. గుర్రం, బంటు, రాజు ఎవరినీ పిన్ చేయలేవు. పిన్ కావడం మాత్రం రాజుకు తప్ప అందరికీ జరుగుతుంది.

పూర్తి పిన్‌కూ పాక్షిక పిన్‌కూ తేడా ఏమిటి?

వెనక రాజు ఉంటే పూర్తి పిన్. ఆ పావును గీత దాటించడం నియమాలకే విరుద్ధం, ఎందుకంటే సొంత రాజును చెక్‌లోకి, అంటే ఎదుటి పావు దాడిలోకి, నెట్టే ఎత్తు ఎవరూ వేయకూడదు. వెనక మంత్రో ఏనుగో ఉంటే పాక్షిక పిన్. కదిపితే నష్టం రావచ్చు గానీ కదపడానికి అడ్డేమీ లేదు.

ఈ తేడాను ఒక నిర్వచనంగా బట్టీపట్టి వదిలేసేవాళ్లు చాలామంది. అలా వదిలేస్తే ఆటలు పోతాయి. కింద లెగాల్ ఆటకట్టు గురించి రాసిన జవాబు చదివితే ఎందుకో తెలుస్తుంది.

ఇంకో చిన్న విషయం. పూర్తి పిన్ అయినంత మాత్రాన ప్రతి పావూ రాయిలా నిలిచిపోదు. గీత వెంట నడవగలిగిన పావు ఆ గీత మీదే ముందుకూ వెనక్కూ జరగవచ్చు. నల్ల రాజు జి8లో, నల్ల మంత్రి డి5లో ఉన్నాయనుకోండి. మధ్యలో ఇ6, ఎఫ్7 ఖాళీ. తెల్ల శకటం ఎఫ్1 నుంచి సి4కు వచ్చి మంత్రిని పిన్ చేసింది. ఆ మంత్రి పక్కకు తప్పుకోలేదు, కానీ సి4 శకటాన్ని కొట్టగలదు. బి3లో తెల్ల బంటు కాపుగా ఉంటే మంత్రి పోయి శకటం వస్తుంది, అంటే తెల్లవారికి పండగే. ఆ బంటు లేకపోతే మన శకటమే ఉత్తపుణ్యానికి పోయింది. మంత్రిని పిన్ చేసే ముందు చేసే పావుకు కాపు ఉందో లేదో చూసుకోవాలి. గుర్రం విషయంలో ఈ భయం లేదు. దాని నడక ఏ గీత మీదా ఉండదు కాబట్టి పూర్తి పిన్ అయిన గుర్రం అడుగు కూడా వేయలేదు.

పిన్ కనిపించింది. తర్వాత ఏం చూడాలి?

ఇదే అసలు ప్రశ్న. పిన్‌ను గుర్తించడం పజిల్‌లో సగం కూడా కాదు. ఆ పావు పిన్ కాకముందు ఏ పని చేస్తోంది, ఇప్పుడు ఏ పని చేయలేకపోతోంది అని అడగాలి. జవాబు రెండు దారుల్లో ఒకదాని వెంట దొరుకుతుంది. ఒకటి, కదలలేని పావు మీదే ఇంకో దాడి పెట్టడం. రెండు, ఆ పావు కాపు కాస్తున్నట్టు కనిపించే గడిని దోచుకోవడం. కొత్తవాళ్లు మొదటి దారినే చూస్తారు. రెండో దారిలో వచ్చే పజిల్సే అందమైనవని నా అభిప్రాయం.

మొదటి దారికి ఒక స్థితి. బోర్డు మీద పేర్చండి.

తెల్లవైపు: రాజు జి1, ఏనుగు ఇ1, గుర్రం సి3, బంట్లు ఎ2, బి2, డి3, జి2, హెచ్2.
నల్లవైపు: రాజు ఇ7, ఏనుగు ఎ8, గుర్రం ఇ5, బంట్లు ఎ7, బి7, ఎఫ్6, జి7, హెచ్7.

ఎత్తు తెల్లవారిది. ఇ5 గుర్రం రాజు ముందు పూర్తిగా కట్టుబడి ఉంది. దానికి ఎఫ్6 బంటు కాపు ఉంది కాబట్టి ఏనుగుతో కొడితే మనకే నష్టం. 5 విలువ చేసే ఏనుగు పోయి 3 విలువ చేసే గుర్రం వస్తుంది. కానీ బంటును డి3 నుంచి డి4కు నెట్టండి. ఇప్పుడు గుర్రం మీద బంటు దాడి. గుర్రం పారిపోలేదు, ఎంత కాపు ఉన్నా లాభం లేదు, ఎందుకంటే కొట్టేది బంటు. రాజు డి6కు జరిగి గుర్రాన్ని విడిపించినా అప్పటికే ఆలస్యమైపోతుంది. బంటు గుర్రాన్ని కొడుతుంది, ఎఫ్6 బంటు ఆ బంటును కొడుతుంది. ఒక బంటుకు గుర్రం వచ్చింది.

కట్టుబడిన పావు మీద దాడికి మన దగ్గరున్న అతి చవకైన పావునే పంపాలి. బంటు అందుబాటులో ఉంటే గుర్రంతో, శకటంతో పని లేదు.

"ముందు చెక్‌లు చూడు" అని నేర్పారు. ఆ స్థితిలో గుర్రంతో డి5లో చెక్ ఇస్తే తప్పేమిటి?

చూడమన్నారు, వేయమనలేదు. గుర్రం డి5కు వచ్చి చెక్ ఇవ్వగానే రాజు కదలాలి. రాజు డి6కు జరిగితే ఇ వరుస వదిలేసినట్టే, పిన్ పోయింది. నల్ల గుర్రానికి స్వేచ్ఛ వచ్చింది, పైగా డి5లోని మన గుర్రమే రాజు దాడిలో పడి దారి వెతుక్కోవాల్సి వస్తుంది. చేతికి అందిన పావును మన చేతులతోనే విడిచిపెట్టాం. పిన్ పజిల్స్‌లో నేను చూసే తప్పుల్లో ఇదే మొదటిది. వెనక ఉన్న రాజుకు చెక్ ఇస్తే అతను గీత తప్పుకుంటాడు. కాబట్టి చెక్ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ చెక్ తర్వాత నా పిన్ ఉంటుందా?

పిన్ అయిన పావు కాపు కాయదు అంటారు. బోర్డు మీద అది ఎలా కనిపిస్తుంది?

ఇది రెండో దారి.

తెల్లవైపు: రాజు జి1, మంత్రి డి3, ఏనుగు ఎఫ్1, శకటాలు బి2, బి3, బంట్లు ఎ2, ఎఫ్2, జి2, హెచ్2.
నల్లవైపు: రాజు జి8, మంత్రి ఇ7, ఏనుగులు ఎ8, ఎఫ్8, గుర్రం సి6, బంట్లు ఎ7, బి7, ఎఫ్7, జి6, హెచ్6.

తెల్లవారు ఒకే ఎత్తులో ఆట ముగించాలి. మంత్రి డి3 నుంచి ఐమూలగా వెళ్లి జి6 బంటును కొడితే ఆటకట్టు. మొదటిసారి చూసినవాళ్లు ఉలిక్కిపడతారు: పక్కనే ఎఫ్7 బంటు ఉంది కదా, మంత్రిని కొట్టదా? కొట్టలేదు. బి3 శకటం సి4, డి5, ఇ6 మీదుగా చూస్తోంది, ఆ గీత చివర జి8లో రాజు ఉన్నాడు. ఎఫ్7 బంటు పూర్తిగా పిన్ అయి ఉంది. రాజు హెచ్8కు పారిపోదామంటే బి2 శకటం అక్కడిదాకా చూస్తోంది. హెచ్7, జి7 మంత్రి చేతిలో ఉన్నాయి. ఎఫ్8లో సొంత ఏనుగు, ఎఫ్7లో సొంత బంటు. దారి లేదు.

బి3 శకటం లేకుండా ఇదే స్థితిని ఊహించుకోండి. ఎఫ్7 బంటు మంత్రిని హాయిగా కొట్టేస్తుంది. ఆటంతా ఆ ఒక్క గీత మీద ఆధారపడి ఉంది, ఆ శకటం మాత్రం ఉన్నచోటు నుంచి కదలనే లేదు. అందుకే పజిల్ తెరవగానే దాడి జరుగుతున్న మూల మీదే కళ్లు నిలపకుండా, దూరంగా మౌనంగా కూర్చున్న పావుల చూపు ఎక్కడిదాకా వెళ్తోందో వేలితో గీయమంటాను.

పిన్ అయిన పావు చెక్ ఇవ్వగలదా? రాజు దాని పక్కకు వెళ్లవచ్చా?

చెక్ ఇవ్వగలదు. రాజు దాని దాడిలోకి వెళ్లకూడదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే నియమావళిలో 3.9 నియమం దీన్ని స్పష్టంగా చెబుతుంది: దాడి చేస్తున్న పావు తన రాజు కారణంగా కదలలేని స్థితిలో ఉన్నా సరే, అది చూస్తున్న గడిలోని రాజు చెక్‌లో ఉన్నట్టే. "అది ఎలాగూ కదలలేదు కదా" అన్న వాదన మిగతా పావుల విషయంలో చెల్లుతుంది, రాజు విషయంలో చెల్లదు.

ఇది తెలియక పజిల్స్‌లో తప్పు చేసేవాళ్లు చాలామంది. పిన్ అయిన శకటం కాపు కాస్తున్న ఏనుగును మంత్రితో కొట్టవచ్చు, గుర్రంతో కొట్టవచ్చు. రాజుతో కొట్టకూడదు.

నిజమైన ఆటలో పిన్ ఇంతగా పనికొచ్చిన సందర్భం ఏది?

నన్నడిగితే ఒకటే పేరు చెబుతాను. 1858లో పారిస్ ఒపేరా భవనంలో, ప్రదర్శన జరుగుతుండగా ఒక ప్రత్యేక గదిలో కూర్చుని పాల్ మార్ఫీ ఆడిన ఆట. న్యూ ఆర్లీన్స్ నుంచి వెళ్లిన మార్ఫీకి అప్పుడు 21 ఏళ్లు. ఎదురుగా ఇద్దరు: బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇజువార్. ఇద్దరూ కలిసి ఆలోచించుకుని నల్లపావులు నడిపారు. ఆట 17 ఎత్తుల్లో ముగిసింది.

12వ ఎత్తు పూర్తయ్యాక స్థితి ఇది.

తెల్లవైపు: రాజు సి1, మంత్రి బి3, ఏనుగులు డి1, హెచ్1, శకటాలు బి5, జి5, బంట్లు ఎ2, బి2, సి2, ఇ4, ఎఫ్2, జి2, హెచ్2.
నల్లవైపు: రాజు ఇ8, మంత్రి ఇ7, ఏనుగులు డి8, హెచ్8, శకటం ఎఫ్8, గుర్రాలు డి7, ఎఫ్6, బంట్లు ఎ7, ఇ5, ఎఫ్7, జి7, హెచ్7.

డి7 గుర్రం బి5 శకటానికి చిక్కి రాజు ముందు పూర్తిగా పిన్ అయింది. ఎఫ్6 గుర్రం జి5 శకటానికి చిక్కి మంత్రి ముందు పాక్షికంగా పిన్ అయింది. ఇప్పుడు డి7 మీద లెక్క వేయండి. దాడి చేసేవి రెండు: బి5 శకటం, డి1 ఏనుగు. కాపు కాసేవి నాలుగు: ఎఫ్6 గుర్రం, ఇ7 మంత్రి, డి8 ఏనుగు, ఇ8 రాజు. నలుగురి కాపులో ఉన్న పావును ఇద్దరితో కొట్టడం తెలివితక్కువ పని అని ఏ లెక్కల మాస్టారైనా చెబుతారు.

మార్ఫీ ఏనుగుతో డి7 గుర్రాన్ని కొట్టాడు.

ఆ నాలుగు కాపులను ఒక్కొక్కటిగా తట్టి చూడండి. ఎఫ్6 గుర్రం తిరిగి కొడితే జి5 శకటం మంత్రిని కొట్టేస్తుంది. మంత్రి కొడితే బి5 శకటం మంత్రినే కొడుతుంది. రాజు కొట్టకూడదు, ఎందుకంటే ఏనుగుకు శకటం కాపు ఉంది. నిజంగా పని చేసేది డి8 ఏనుగు ఒక్కటే. లెక్కలో నలుగురు, పనిలో ఒక్కరు. దాడి ఎన్ని, కాపు ఎన్ని అని లెక్కపెట్టడం మంచి అలవాటే, కానీ కట్టుబడిన కాపును లెక్కలో కలపకూడదు. ఈ ఒక్క స్థితిని నెలకోసారి బోర్డు మీద పేర్చుకుని చూడమని నా దగ్గరకు వచ్చే పిల్లలకు చెబుతుంటాను.

ఏనుగు కొట్టింది. ఇప్పుడు డి7లో గుర్రం బదులు ఏనుగు పిన్ అయింది. మార్ఫీ హెచ్1లో మిగిలిన రెండో ఏనుగును డి1కు తెచ్చాడు. ఎదురెదురుగా రెండు ఏనుగులు నిలబడ్డాయి, కానీ డి7 ఏనుగు డి1 మీదకు రాలేదు, అది వేరే గీతకు కట్టుబడి ఉంది. నల్లవారు ఎఫ్6 గుర్రాన్ని విడిపించడానికి మంత్రిని ఇ6కు జరిపారు, మంత్రుల మార్పిడికి ఆహ్వానం కూడా అందులోనే ఉంది. మార్ఫీ ఆ ఆహ్వానాన్ని పట్టించుకోలేదు. శకటంతో డి7 ఏనుగును కొట్టి చెక్ ఇచ్చాడు, విడుదలైన గుర్రం వచ్చి శకటాన్ని కొట్టింది. కట్టు విప్పుకున్న ఆ గుర్రం ఎఫ్6 వదిలిన క్షణాన జి5 శకటం చూపు డి8 దాకా తెరుచుకుంది. ఇక మంత్రి బలి: బి8లో చెక్. గుర్రం కొట్టక తప్పదు. డి వరుస ఖాళీ. ఏనుగు డి8లో వాలింది, వెనక జి5 శకటం అండ. ఆటకట్టు.

తెల్లవారి చేతిలో అప్పటికి మిగిలిన పెద్ద పావులు ఒక ఏనుగు, ఒక శకటం మాత్రమే. నల్లవారికి మంత్రి, ఏనుగు, శకటం, గుర్రం ఉన్నాయి. హెచ్8 ఏనుగు, ఎఫ్8 శకటం ఆట మొదలైనప్పటి నుంచి ఒక్క అడుగూ వేయలేదు. మార్ఫీ చివరి ఏనుగును కూడా దాడిలోకి తెచ్చాకే ముగింపు మొదలుపెట్టాడు. నాకు ఈ ఆటలో మంత్రి బలికన్నా ఆ నింపాదైన ఏనుగు ఎత్తే ఎక్కువ ఇష్టం. పిన్ ఎక్కడికీ పోదని తెలిసినవాడే అలా ఆగగలడు.

అయితే పిన్ అయిన పావును వెంటనే కొట్టేయకూడదా?

చాలాసార్లు కొట్టకూడదు. కొడితే పిన్ అక్కడితో ముగిసిపోతుంది. జి5 శకటం ఎఫ్6 గుర్రాన్ని పిన్ చేసినప్పుడు, వెంటనే మార్చుకోవడం కన్నా సి3 గుర్రాన్ని డి5కు తెచ్చి ఒత్తిడి పెంచితే ఎదుటివారికి ఊపిరి ఆడదు. అయితే ఎదుటివారు ఒక్క ఎత్తులో విడిపించుకోగలిగితే ఆగడం తప్పు. వాళ్లకు ఎన్ని ఎత్తులు కావాలో లెక్కపెట్టండి, మీకు ఎన్ని కావాలో లెక్కపెట్టండి.

పాక్షిక పిన్‌ను నమ్మి మోసపోవడం అంటే ఏమిటి?

18వ శతాబ్దపు పారిస్‌లో లెగాల్ అనే ఆటగాడు ఉండేవాడు. ఆ శతాబ్దపు మేటి ఆటగాడు ఫిలిడోర్‌కు చదరంగం నేర్పింది ఆయనే. ఆయన పేరు మీద నిలిచిన ఆటకట్టు ఇలా సాగుతుంది. తెల్లవారు బంటు ఇ4, నల్లవారు బంటు ఇ5. గుర్రం ఎఫ్3, బంటు డి6. శకటం సి4, నల్ల శకటం జి4. ఇప్పుడు ఎఫ్3 గుర్రం తెల్ల మంత్రి ముందు పిన్ అయింది. గుర్రం సి3, నల్ల బంటు జి6.

తెల్లవారు పిన్ అయిన గుర్రాన్నే లేపి ఇ5 బంటును కొడతారు. నల్లవారి కళ్లకు మంత్రి తప్ప ఇంకేమీ కనిపించదు, శకటం డి1 మంత్రిని కొట్టేస్తుంది. తెల్ల శకటం ఎఫ్7లో బంటును కొట్టి చెక్. రాజు ఇ7కు రాక తప్పదు. గుర్రం సి3 నుంచి డి5కు వచ్చి చెక్, అదే ఆటకట్టు. మంత్రిని వదిలేసి డి6 బంటుతో గుర్రాన్ని కొట్టినా తెల్ల మంత్రి జి4 శకటాన్ని కొడుతుంది, తెల్లవారికి ఒక బంటు మిగులు.

దీన్ని చూసి ప్రతి ఆటలో వేసేయకండి. నల్ల గుర్రం సి6లో ఉండి ఉంటే అదే గుర్రం ఇ5లో మన గుర్రాన్ని కొట్టి, జి4 శకటానికి కాపుగా కూడా నిలుస్తుంది. మన గుర్రం పోయినట్టే.

ఇలాంటిదే ఇంకోటి, ఏనుగు ఉచ్చు అని పేరు. పేరుకే ఏనుగు, ఇందులో ఏ ఏనుగూ కదలదు. బంటు డి4, బంటు డి5. బంటు సి4, బంటు ఇ6. గుర్రం సి3, గుర్రం ఎఫ్6. శకటం జి5, గుర్రం బి8 నుంచి డి7. సి4 బంటు డి5లో కొడుతుంది, ఇ6 బంటు తిరిగి కొడుతుంది. ఇప్పుడు తెల్లవారు, "ఎఫ్6 గుర్రం మంత్రి ముందు కట్టుబడి ఉంది కదా" అనుకుని గుర్రంతో డి5 బంటును కొడితే దొరికిపోయారు. నల్ల గుర్రం కదిలి డి5లో గుర్రాన్ని కొడుతుంది. తెల్ల శకటం డి8 మంత్రిని కొట్టగానే నల్ల శకటం బి4లో చెక్ ఇస్తుంది. అడ్డుకోవడానికి మంత్రి డి2కు రావడం తప్ప వేరే దారి లేదు. శకటం మంత్రిని కొడుతుంది, రాజు శకటాన్ని కొడతాడు, నల్ల రాజు డి8లోని శకటాన్ని కొడతాడు. లెక్క చూస్తే నల్లవారికి ఒక బంటు పోయి గుర్రం మిగిలింది.

కాబట్టి పాక్షిక పిన్ పజిల్‌లో మీరు ఏ వైపు ఉన్నా, "ఆ పావు కదిలితే చెక్ వస్తుందా, ఆటకట్టు వస్తుందా, ఇంకా పెద్దదేమైనా పోతుందా?" అని చూడందే ముందుకు వెళ్లకండి.

పిన్, స్క్యూవర్ ఒకటేనా?

కాదు. పిన్‌లో విలువైనది వెనక ఉంటుంది, స్క్యూవర్‌లో ముందు ఉంటుంది. ముందున్నది తప్పుకోగానే వెనకది పోతుంది. రాజు ముందుంటే అది ఎప్పుడూ స్క్యూవరే.

పిన్ వల్ల ఆట డ్రా కావడం ఉంటుందా?

ఉంటుంది. గెలుస్తున్నవాళ్లు దీన్ని చూసుకోవాలి. నల్ల రాజు ఎ8, నల్ల శకటం బి8, తెల్ల రాజు బి6, తెల్ల ఏనుగు హెచ్8. ఎత్తు నల్లవారిది. శకటం పూర్తిగా పిన్ అయింది, కదలకూడదు. ఎ7, బి7 తెల్ల రాజు చేతిలో ఉన్నాయి. చెక్ లేదు, వేయడానికి ఎత్తూ లేదు. ఆట డ్రా. ఏనుగుకు ఎదురుగా శకటం ఒక్కటే మిగిలినప్పుడు, శకటం నడవలేని రంగు మూలలోకి రాజును చేర్చి కాపాడుకోవడం దీని మీదే ఆధారపడి ఉంది.

నన్నే పిన్ చేస్తే ఎలా బయటపడాలి?

ముందు కంగారు వదలండి. వెనక ఉన్న పెద్ద పావును గీత నుంచి తప్పించవచ్చు, మధ్యలో ఇంకో పావు అడ్డం పెట్టవచ్చు, పిన్ చేసిన పావును కొట్టవచ్చు లేదా బంటుతో తరమవచ్చు. తరమడంలో ఒక హెచ్చరిక. క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదపడం) చేసి రాజును జి8లో దాచాక, హెచ్6, జి5 బంట్లతో శకటాన్ని వెంటాడితే ఎదుటివారు గుర్రాన్ని జి5లో బలి ఇచ్చి రెండు బంట్లు తీసుకుని, శకటాన్ని మళ్లీ జి5లో నిలబెట్టవచ్చు. పిన్ అలాగే ఉంటుంది, రాజు ముందు గోడ కూలిపోతుంది.

ఏ ఓపెనింగ్‌లలో (ఆట మొదలుపెట్టే పద్ధతుల్లో) పిన్‌లు ఎక్కువ?

నిమ్జో ఇండియన్‌లో మూడో ఎత్తుకే నల్ల శకటం బి4కు వచ్చి సి3 గుర్రాన్ని రాజు ముందు కట్టేస్తుంది. ఆ గుర్రం కట్టుబడితే ఇ4 గడి మీద తెల్లవారి పట్టు సడలుతుంది. ఫ్రెంచ్ డిఫెన్స్‌లోని వినావర్ పద్ధతిలోనూ అదే శకటం, అదే గడి. రూయ్ లోపెజ్‌లో బి5 శకటం సి6 గుర్రాన్ని మొదట పిన్ చేయదు, మధ్యలో డి7 బంటు ఉంటుంది. ఆ బంటు డి6కు జరిగిన మరుక్షణం గుర్రం పిన్ అవుతుంది. ఇది చాలామంది గమనించరు.

నా ఎత్తు కూడా గెలుస్తుంది. యాప్ తప్పంటోంది, ఎందుకు?

పజిల్‌లో సాధారణంగా ఒకే జవాబు ఉంచుతారు, మిగతా ఎత్తులకన్నా స్పష్టంగా గొప్పదైన ఎత్తు. మీ ఎత్తు ఒక బంటు గెలిస్తే, అసలు జవాబు గుర్రం గెలుస్తుండవచ్చు. తప్పు అనగానే జవాబు నొక్కేయకుండా, మీ ఎత్తుకు ఎదుటివారు వేసే మంచి ఎత్తు ఏమిటో వెతకండి. ఎక్కువసార్లు అక్కడ పిన్ విప్పే దారి కనిపిస్తుంది.

రోజుకు ఎన్ని పజిల్స్ చేయాలి?

సంఖ్య కన్నా పద్ధతి ముఖ్యమని నమ్ముతాను. లీచెస్ వెబ్‌సైటులో పజిల్స్ ఉచితం, పిన్ అనే విభాగమే వేరుగా ఉంది. అందులో రోజుకు పది చాలు, కానీ చివరి ఎత్తు దాకా మనసులో చూశాకే మొదటి ఎత్తు వేయాలి. విభాగం పేరు ముందే తెలియడం వల్ల సగం జవాబు చేతికిచ్చినట్టు అవుతుంది. అందుకని రెండు వారాలయ్యాక కలగాపులగంగా వచ్చే పజిల్స్‌కు మారండి. తప్పిన వాటిని నోటుపుస్తకంలో రాసి, వారం తర్వాత మళ్లీ చేయండి.

వేగం దానంతట అదే వస్తుంది. గుడివాడలో పుట్టి, 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ మహిళల రాపిడ్ (తక్కువ సమయపు ఆట) టైటిల్ గెలిచారు. ఆ పోటీలో ఆట మొత్తానికి ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. అంత తక్కువ సమయంలో పిన్ ఉందా లేదా అని వెతుక్కునే తీరిక ఉండదు, చూడగానే తెలియాలి.

పిన్ అని చెప్పినా మా అబ్బాయి ఆ గుర్రాన్నే కదుపుతాడు. ఎలా నేర్పాలి?

కుట్టు దారం తీసుకోండి. శకటం తలకు ఒక కొస చుట్టి, గుర్రం మీదుగా లాగి, రెండో కొసను రాజు తలకు చుట్టండి. దారం బిగుతుగా ఉండాలి, గుర్రం చెవులకు ఆనుకుని వెళ్లాలి. ఇప్పుడు గుర్రాన్ని తీసి చూడమనండి.

మొన్న ఏడేళ్ల పాప ఒకతె అలా గుర్రాన్ని ఎత్తింది. దారం కిందకు జారి శకటానికీ రాజుకూ మధ్య తిన్నగా నిలిచింది. గుర్రాన్ని గాల్లో పట్టుకుని ఆ దారం వంకే కాసేపు చూసింది. తర్వాత గుర్రాన్ని దాని గడిలో పెట్టేసి, దారం దాని చెవుల మీదకు మళ్లీ సర్ది, "అయితే ఇప్పుడు నా బంటు దీన్ని కొట్టొచ్చు కదా సార్?" అని అడిగింది.